బర్రె రోడ్డు దాటాక

మా అపార్టుమెంటు వెనక సందులో ఒక ఫంక్షన్ హాలు ఉంది. ముహూర్తాలు మొదలయ్యాయంటే సాయంత్రం పూట బరాత్ ఊరేగింపు బయలుదేరేటప్పుడు టపాకాయల దండలు కాలుస్తారు. మోత తగ్గిన కాసేపటికి ఆ పొగ గోడ దాటి, బాల్కనీలో ఆరేసిన బట్టల మీదుగా, వంటింటి కిటికీలోంచి మెల్లగా లోపలికి వస్తుంది. కాలిన మందు, కాలిన కాగితం, రోడ్డు దుమ్ము అన్నీ కలిసిన వాసన. మా వాచ్‌మన్ పెంచే కుక్క అప్పటికే సెల్లారులో ఏదో కారు కింద దూరి ఉంటుంది. పెళ్ళివాళ్ళు భోజనాలకు కూర్చున్నా అది బయటికి రాదు. ఈ వయసులో మోతతో నాకు పెద్ద ఇబ్బంది లేదు. ఆ వాసన తగిలినప్పుడు మాత్రం చేస్తున్న పని ఆపి కాసేపు కూర్చుంటాను. నా చిన్నతనంలో చాలా మధ్యాహ్నాలు ఆ వాసనలోనే గడిచాయి.

ఎనభైల్లో మా ఇల్లు సరూర్‌నగర్ చెరువుకూ ఎల్బీ నగర్ చౌరస్తాకూ మధ్య ఉండేది. సిటీ అనేది దిల్‌సుఖ్‌నగర్ బస్టాండుతో అయిపోయిందని మా పెద్దవాళ్ళ లెక్క. అక్కడ బస్సు దిగి, ఎర్రమట్టి రోడ్డున తుమ్మచెట్ల పక్కనుంచి, జొన్నచేనులో పాతిన ప్లాటు రాళ్ళను దాటుకుంటూ నడిస్తే మా వాకిలి వచ్చేది. చేలన్నీ మా తాతల నాటివి. నేను బడికి పోవడం మొదలుపెట్టేనాటికి మా బాపు, అంటే నాన్న, వాటిని ఒక్కొక్కటిగా ప్లాట్లు చేసి అమ్ముతున్నాడు. ఏడాదికో కాలనీ లేచేది. ఎక్కడ చూసినా ఇసుక కుప్పలు, కంకర గుట్టలు, తడిపిన ఇటుకల వాసన, సిమెంటు సంచుల మీద కూర్చుని సద్ది తినే కూలీలు. మాకు ఆటస్థలం వేరే అక్కర్లేకపోయింది. వానాకాలం ఇసుక కుప్పల్లో గుహలు తవ్వేవాళ్ళం, కాల్చిన మక్క కంకులు చేత పట్టుకుని పునాది గుంతల్లో నిలిచిన నీళ్ళలో కప్పలను లెక్కపెట్టేవాళ్ళం. సీతాఫలాల కాలం వస్తే గంపలవాళ్ళు ఇబ్రహీంపట్నం వైపునుంచి పొద్దున్నే దిగేవాళ్ళు. బతుకమ్మ పండుగకు తంగేడు పూలు మా ఇంటి వెనక గుట్టమీదే దొరికేవి. చివరిరోజు నువ్వుల పొడి, పల్లీల పొడి, బెల్లం కలిపిన సద్దులు పళ్ళకు అంటుకుని మర్నాటిదాకా తియ్యగా ఉండేవి. కొత్తగా ఇళ్ళు కట్టుకున్న గుంటూరు, కృష్ణా జిల్లాల ఆడవాళ్ళు గేటు దగ్గర నిలబడి మా పాటలు వినేవాళ్ళు. ఆ మర్నాడు వాళ్ళింటి గారెలు మా ఇంటికి వచ్చేవి.

గుట్టలు చాలా ఉండేవి. ప్లాటు కొన్నవాడికి సగం జాగా బండే. పునాది తవ్వాలన్నా బావి తవ్వాలన్నా ముందు బండ పేల్చాలి. ఆ పని ఎల్లయ్యది. పొద్దుటినుంచీ అతని మనుషులు సుత్తితో గునపం మీద కొట్టి బండకు రంధ్రాలు వేసేవాళ్ళు. ఆ టంగు టంగు మోత మా లెక్కల పాఠంలో, మా అన్నాల్లో, ముసలివాళ్ళ కునికిపాట్లలో కలిసిపోయి ఉండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక రంధ్రాల్లో మందు కూరి, పైన పాత టైర్లు, మట్టి నింపిన గోనెసంచులు పరిచి, ఎల్లయ్య ఎర్రగుడ్డ కట్టిన కట్టె పట్టుకుని సీటీ ఊదుతూ సందులన్నీ తిరిగేవాడు. సీటీ అంటే ఈల. అది వినపడగానే ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. ఆడవాళ్ళు బట్టలు తీసి, చెక్క మీద బోర్లించిన గిన్నెలు కిందికి దించేవాళ్ళు. పిల్లలను లోపలికి ఈడ్చేవాళ్ళు. గొడ్లను కొట్టాల్లో గట్టిగా కట్టేసేవాళ్ళు, ఎందుకంటే బెదిరిన గొడ్డు ఎటు పరిగెత్తుతుందో తెలియదు. మా నాయనమ్మ లచ్చమ్మ అయితే బర్రెను గుంజకు రెండు ముళ్ళేసి కట్టి, ముందు తౌడు గంప పెట్టి, దాని మెడ గోకుతూ కొట్టంలోనే కూర్చునేది. పేలుడయ్యాక ఆ రోజంతా బర్రె చేపేది కాదు. పితికినా పాలు రాకపోతే నాయనమ్మ దాన్ని తిట్టేది కాదు, ఎల్లయ్యను తిట్టేది.

సుగుణ ఆంటీ వాళ్ళు మా ముందరి రెండు గదుల్లో కిరాయికి దిగింది ఆ రోజుల్లోనే. వాళ్ళది తెనాలి వైపు పల్లె. ఆమె భర్త ఇరాక్‌లో బస్రా అనే ఊరి దగ్గర ఒక కంపెనీలో మెకానిక్కు. ఆయన పెళ్ళాం పిల్లను కూడా అక్కడికి తీసుకుపోయాడు. పక్క దేశంతో యుద్ధం ముదిరి ఊరిమీద గుండ్లు పడడం మొదలయ్యాక వీళ్ళిద్దరినీ విమానం ఎక్కించి పంపేశాడు. కంపెనీవాళ్ళు తన పాస్‌పోర్టు ఇవ్వకపోవడంతో తను మాత్రం అక్కడే ఉండిపోయాడు. ఇంగ్లీషు అక్షరాలున్న పాలడబ్బా ఒకటి, ఒంటె బొమ్మ ఉన్న మందపాటి దుప్పటి ఒకటి, మీనా అనే ఆరేళ్ళ పిల్ల. వాళ్ళ సామానులో నాకు గుర్తున్నవి అవే.

మీనా మాట్లాడేది కాదు. మూగది కాదని వాళ్ళమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. నేను తనకన్నా మూడేళ్ళు పెద్దదాన్ని. చిర్రగోనె, అదే బిళ్ళంగోడు, ఆడి చూపించాను, గోటీలిచ్చాను, ఇసుకలో కూర్చోబెట్టాను. ఇచ్చినవన్నీ పుచ్చుకుని చేతిలో పెట్టుకుని ఊరుకునేది. మొదటిసారి సీటీ వినపడినప్పుడు మాత్రం ఆ పిల్ల మా అందరికన్నా ముందే మంచం కిందికి వెళ్ళిపోయింది. వెళ్ళిన తీరులో కంగారు లేదు. చేతులు చెవులమీద పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి ఉంచుకుని, బాగా అలవాటైన పనిలా చేసింది. మా బాపు మంచం పక్కన గొంతుక్కూర్చుని, ఇది ఇల్లు కట్టడానికమ్మా, ఇక్కడ మన మీదికి ఎవరూ రారు అని ఎంతసేపు చెప్పాడో. ఆ పిల్ల వింది. పేలుడు ఆగాక కూడా చాలాసేపు బయటికి రాలేదు.

తన నోటినుంచి మేం విన్న మొదటి మాట మా బర్రె గౌరి గురించి. ఒక పొద్దున నాయనమ్మ గౌరికి కుడితి పెడుతుంటే మీనా గుమ్మంలో నిలబడి, "జామూస్" అంది. బస్రా దగ్గర నీళ్ళలో పెద్ద పెద్ద మందలుంటాయనీ, అక్కడివాళ్ళు వాటిని అలా పిలుస్తారనీ సుగుణ ఆంటీ చెప్పింది.

"అదేనండి మామ్మగారూ, గేదెనే" అందామె.

"గేదె అంట" నాయనమ్మ బర్రె వీపుమీద చరిచింది. "ఒకలు గేదె అంటరు, ఒకలు జామూసు అంటరు. ఏ పేరు పెట్టి పిలిస్తె ఏంది, తౌడు పెట్టకుంటె మాత్రం పలకదిది."

ఆ రోజునుంచి మీనా కొట్టంలోనే ఉండేది. గౌరి అప్పుడు చూడితో ఉంది. నాయనమ్మ దాని కడుపుమీద చెయ్యి వేసి లోపల దూడ కదలడం చూపిస్తే, మీనా చెవి ఆనించి వినేది. ఎండ తగ్గే వేళకు గౌరిని చెరువుకు తోలుకుపోవడం నాయనమ్మ రోజూ చేసే పని. ఇప్పుడు పలుపు కొస మీనా పట్టుకునేది. నాయనమ్మ వెనక చేతికర్రతో నడిచేది. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు తెలియదు. బహుశా ఏమీ మాట్లాడుకునేవాళ్ళు కాదు.

చలి తగ్గి ఎండలు పడుతున్న రోజులు. మా ఇంటికి తూర్పున ఉన్న పెద్దబండకు ముహూర్తం పెట్టారు. ఆ కాలనీలో అన్నిటికన్నా పెద్దది అదే, ఒక్కసారికి లొంగదని ఎల్లయ్య చాలా రంధ్రాలు వేయించాడు. సీటీ ఊదుతూ మా వాకిట్లోకి వచ్చి, ఈసారి దెబ్బ గట్టిగుంటది అవ్వా, గొడ్డును జర మంచిగ కట్టు అని హెచ్చరించి పోయాడు. నాయనమ్మ గౌరిని కట్టి, తౌడు పెట్టి, కాలు పట్టేసిందని నూనె రాసుకోవడానికి లోపలికి వచ్చింది. సుగుణ ఆంటీ కిటికీ రెక్కలు మూస్తోంది. నేను గిన్నెలు దించుతున్నాను. ఆంటీ కిటికీ మూసి తిరిగి చూస్తే మంచం కింద మీనా లేదు.

కొట్టంలో గుంజ ఉంది. బర్రె లేదు, పలుపు లేదు.

బాపు చెప్పులు కూడా వేసుకోకుండా బండ వైపు పరిగెత్తాడు. ఆయన వెనక ఆంటీ. నేను వాకిలిదాకా పోయి అక్కడే ఆగిపోయాను. ఎల్లయ్య ఎర్రగుడ్డ ఊపుతూ ఎదురొచ్చి బాపును రెండు చేతులతో పట్టుకున్నాడు. వత్తులు అంటించి అప్పుడే దూరం వచ్చాడతను. "ఆగదన్నా, అంటిచ్చేసిన" అన్నాడు. గొంతు వినపడలేదు గానీ నోరు కదలడం నాకు కనిపించింది. ఆంటీ అతన్ని తప్పించుకుని ముందుకు పోబోతే రాళ్ళు కొట్టే ఆడవాళ్ళు ఇద్దరు ఆమెను కిందపడేసి మీద పడుకున్నారు.

తర్వాత బండ పేలింది. ఒకటి, వెంటనే ఇంకొకటి, ఆపైన లెక్క తెలియలేదు. మా ఇంటి పెంకుల్లోంచి మట్టి రాలింది. పొగ, రాతిదుమ్ము కలిసి ఎండను కప్పేసింది. ఆ వాసన అంత చిక్కగా అంతకుముందెప్పుడూ రాలేదు. దుమ్ములోకి అందరూ పరిగెత్తారు. పేరు పెట్టి పిలుస్తున్నారు. బండ చుట్టూ, గుంతల్లో, తుమ్మచెట్ల కింద వెతుకుతున్నారు.

నాయనమ్మ మాత్రం బండ వైపు పోలేదు. కొట్టం వెనక నిలబడి నేలను చూసింది. వేసి ఎంతోసేపు కాని పేడ ఒకటి దారిలో ఉంది, అది చెరువు వైపు దారి. కుంటుతూ అటు నడిచింది. నేను వెంట పోయాను. ఆమె దేవుణ్ణి కూడా పిలవలేదు.

చెరువులో మెడదాకా నీళ్ళలో గౌరి నిలబడి ఉంది. ముక్కు పైకెత్తి బుస్సుమంటోంది. ఒడ్డున బురదలో, నడుందాకా నీళ్ళలో మీనా కూర్చుని ఉంది. పలుపు కొస రెండు చేతుల్తో పట్టుకుని ఉంది. ఏడవడం లేదు. మమ్మల్ని చూసి పలుపు ఇంకా దగ్గరికి లాక్కుంది.

నాయనమ్మ ముతక చీరతోనే ఆ నీళ్ళలో పక్కన కూలబడింది. ఊపిరి అందాక, "ఎందుకిప్పినవ్ బిడ్డా?" అని అడిగింది.

"కట్టేసి ఉంటే పరిగెత్తలేదు కదా" అంది మీనా. అంత పొడుగు మాట తన నోటినుంచి నేను వినడం అదే మొదలు. మళ్ళీ తనే చెప్పింది: "అక్కడ పక్కింటి మామ్మ జామూస్‌ని కట్టేసింది. అందరం నేల కింద గదిలోకి వెళ్ళిపోయాం. పైకి వచ్చాక అది లేదు. తాడు ఉంది."

మా బాపు చెప్పినట్టు ఇది ఇల్లు కట్టడానికి అని నాయనమ్మ చెప్పలేదు. చెరువు నీళ్ళు దోసిట్లో తీసుకుని ఆ పిల్ల మొహం మీది దుమ్ము కడిగింది. "మంచి పని చేసినవ్" అంది. "ఇగ నుంచి ఇద్దరం కలిసి ఇప్పుదం. ఒక్కదానివే రాకు."

సాయంత్రం ఇంట్లో గొడవయింది. సుగుణ ఆంటీ కొట్టడానికి చెయ్యెత్తి, కొట్టలేక, ఆ చేత్తోనే పిల్లను దగ్గరికి తీసుకుని ఏడ్చింది. బాపు వసారాలో అటూ ఇటూ తిరిగాడు. ఆయన భయం ఆయనది. రేపు మళ్ళీ సీటీ ఊదితే ఈ పిల్ల మళ్ళీ విప్పుతుంది, బర్రె ప్రతిసారీ చెరువు వైపే పోతుందని ఏముంది? బర్రెను అమ్మేస్తే పీడా పోతుందన్నాడు. లేదంటే వీళ్ళు బండలు లేని చోట ఇల్లు చూసుకోవాలన్నాడు. "ఆ పిల్లకు ఏమన్న అయితె, గా యుద్ధంల ఉన్న మనిషికి నేనేం జవాబు చెప్పాలె?" అన్నాడు.

"జవాబు నేను చెప్త" అంది నాయనమ్మ. "బర్రెను అమ్మితె ఆ పిల్ల యాడ కూసుంటది?"

ఆ సమయానికి ఎల్లయ్య వచ్చి గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. మా అమ్మ చాయ్ ఇస్తే సగం తాగి పక్కన పెట్టాడు. లేస్తూ అన్నాడు: "అవ్వా, రేపటి సంది ముందుగాల మీ ఇంటికే వస్త. బర్రె రోడ్డు దాటినంకనే సీటీ కొడ్త."

అన్నట్టే చేశాడు. బండ పేల్చే రోజు అందరికన్నా ముందు మా వాకిట్లోకి వచ్చి, సీటీ జేబులో పెట్టుకుని, ఎర్రగుడ్డ కట్టె చంకలో పెట్టుకుని, మామూలుగా ఎవరింటికో వచ్చిన చుట్టంలా నిలబడేవాడు. నాయనమ్మ ముళ్ళు విప్పేది. పలుపు మీనా చేతికిచ్చేది. ముందు గౌరి, పక్కన మీనా, వెనక నాయనమ్మ మట్టిరోడ్డు దాటి చెరువు దారి పట్టి, తుమ్మచెట్ల మలుపు తిరిగాక అతను సీటీ తీసి ఊదేవాడు. ఇల్లు కట్టుకునే ఆసామి ఒకాయన, బర్రె కోసం పని ఆపుతారా అని గట్టిగా అడిగాడు. ఎల్లయ్య బీడీ ముట్టించి, అది అయిపోయేదాకా తాగి, అప్పుడు చూశాడు దారి వైపు. కాలనీ ఆడవాళ్ళు మొదట్లో నవ్వారు. రాజుగారి ఊరేగింపు బయల్దేరిందండీ అని ఒకావిడ గోడమీదినుంచి అనేది. కొన్నాళ్ళకు ఆమే తన మేకను మీనా వెంట పంపింది. ఆ మేకను చూసి ఇంకొకరు పంపారు. పలుపులన్నీ నాయనమ్మ ఒక్కతే పట్టుకోలేక నన్ను కూడా పిలిచింది. చెరువు ఒడ్డున కూర్చుని, దూరంగా వినపడే మోతకు మేకలు ఉలిక్కిపడుతుంటే, మీనా ఒక్కొక్కదాని మెడమీద చెయ్యి వేసి ఏదో చెప్పేది. కొంత తెలుగు, కొంత అక్కడి భాష. మోత వినపడితే తను చెవులు మూసుకోవడం మానేసింది. రెండు చేతులకూ పనుండేది.

వానలు పడ్డాక గౌరి ఈనింది. పెయ్యదూడ. జున్నుపాలు మా అమ్మ గిన్నెల్లో పోసి, బెల్లం, మిరియాలు వేసి వండి, కాలనీ అంతా పంచింది. మొదటి గిన్నె ఎల్లయ్యకు వెళ్ళింది. మీనా దూడ పక్కనే గడ్డిలో నిద్రపోయింది. ఆ నిద్ర మధ్యలో ఎక్కడో బండ పేలిందనీ, పిల్ల కదల్లేదనీ సుగుణ ఆంటీ మా అమ్మతో చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కొత్తగా చెప్పేది.

యుద్ధం ఆగిందని రేడియోలో విన్నాక కూడా మీనా నాన్న రావడానికి చాలా కాలం పట్టింది. ఒక మధ్యాహ్నం చేతిసంచితో వాకిట్లో నిలబడ్డాడు. నల్లగా, సన్నగా ఉన్నాడు, ఒక చెవి వినపడదు. మీనా నాన్నను పోల్చుకోలేదు. కాసేపు తలుపు చాటునుంచి చూసి, ఆ తర్వాత వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని కొట్టంలోకి తీసుకుపోయి గౌరినీ దూడనూ చూపించింది. మర్నాడు ఎల్లయ్య వచ్చి నిలబడితే ఏమిటని అడిగాడాయన. విషయం చెప్పారు. ఆయనా మా వెంట చెరువుదాకా నడిచాడు. మోత వినపడినప్పుడు అందరం ఆయన వైపు చూశాం. రెప్ప కూడా వేయలేదాయన. నాయనమ్మ ఇంటికొచ్చి, భయపడే పిల్ల బాగైతది గని, గా మనిషికి శాన రోజులు పడ్తది అంది.

నెల తిరక్కుండా వాళ్ళు తెనాలి వెళ్ళిపోయారు. ఆటో ఎక్కే ముందు మీనా కొట్టంలోకి పోయి చాలాసేపు రాలేదు. బయటికి వచ్చి నాయనమ్మను ఒక్కటే అడిగింది: "మామ్మా, ఇప్పుడు ఎవరు విప్పుతారు?"

"నేనున్న గద" అంది నాయనమ్మ.

గౌరి మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ విప్పింది. కాలు బాగా పట్టేసిన రోజుల్లో నన్ను పంపేది. ఎల్లయ్య వస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత మా చేలన్నీ అయిపోయాయి, మేత లేదు, గౌరినీ పెయ్యనూ బాపు హయత్‌నగర్ అవతల మా మేనత్త ఊరికి తోలించాడు. కొట్టం పడగొట్టి మూడు కిరాయి గదులు వేశాడు. నాయనమ్మ ఆ గదుల వైపు వెళ్ళేది కాదు. గుట్టలు ఒక్కొక్కటే కంకరై మా చుట్టూ ఉన్న ఇళ్ళ పునాదుల్లోకి పోయాయి. బండలు లేకపోయాక ఎల్లయ్య కూడా రాలేదు. ఎటు పోయాడో అడిగినవాళ్ళు లేరు.

పత్రికలో చేరాక బస్రా పేరు మళ్ళీ మళ్ళీ నా బల్లమీదికి వచ్చింది. ఆ ఊరిమీద ఇంకో యుద్ధం, ఆపైన ఇంకోటి. తర్వాత వేరే ఊర్ల పేర్లు. పిల్లిని చొక్కాలో దాచుకుని నడుస్తున్న పిల్లవాడు, గాడిదను తోలుకుపోతున్న ఆడపిల్ల. ఇలాంటి ఫొటోలు ఎన్నింటి కింద ఒక వాక్యం రాశానో. ఇప్పుడు రాయను. టీవీలో వస్తే చూస్తాను, కొన్నిసార్లు చూడకుండా లేచిపోతాను. వినీ వినీ మనసు మొద్దుబారుతుందంటారు. నాది అలసిపోయింది, అంతే.

మొన్న మోకాళ్ళ డాక్టరు నడవమన్నాడని సరూర్‌నగర్ చెరువు దగ్గరికి వెళ్ళాను. ఉంది చెరువు. చుట్టూ ఇనుప కంచె, లోపల నడిచే బాట, కూర్చోవడానికి సిమెంటు బెంచీలు, గేటు దగ్గర జంతువులకు ప్రవేశం లేదని రాసిన బోర్డు. బాట వెంట ఒక చుట్టు తిరిగాను. గౌరి నీళ్ళలోకి దిగిన వాలు ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను. గట్టు చుట్టూరా రాతి కట్టడం ఉంది, నిలువుగా. ఎక్కడా దిగడానికి చోటు లేదు.

బయటికొచ్చాక రోడ్డు దాటడానికి చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. బస్సులు ఒకటి వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఎవరూ ఆగలేదు.